ఏ పామో అడక్కుండానే మెనూ రాసేస్తే ఎలాగండీ?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాముల మీద ఒక పేజీ మొత్తం వేశారు. ఫోటోలు బాగున్నాయి, పాము కనబడగానే కర్ర వెతుక్కోవద్దని రాసిన ముక్క ఇంకా బాగుంది. అయితే పేజీ అడుగున ఒక మూల రంగు డబ్బా కట్టి, అందులో "ఆహారం: ఎలుకలు, కప్పలు" అని రెండే మాటల్లో తేల్చేశారు చూడండీ, దాని మీదే నా పేచీ. ప్రపంచంలో దాదాపు 4 వేల జాతుల పాములున్నాయి, అన్నిటినీ రెండు వంటకాలతో సరిపెట్టేశారు. "పక్షుల ఆహారం గింజలు" అని రాసి గద్దనీ కొంగనీ పిచ్చుకనీ ఒకే గాటన కట్టేస్తే మీరే ఒప్పుకోరు కదా.

నేనేమీ శాస్త్రవేత్తను కాను. కొన్నేళ్ళ పాటు ఒక సరీసృపాల కేంద్రంలో పాములకు తిండి పెట్టే పని చేశాను, అంతే. పొద్దున్నే ఫ్రీజర్ తెరిచి ఎలుకలు లెక్కపెట్టుకోవడం, ఏ బోనులో ఏది తిన్నదో, ఏది మొహం తిప్పుకున్నదో నోటుబుక్కులో రాసుకోవడం నా డ్యూటీ. ఆ నోటుబుక్కులో ఉన్నదేదీ మీ డబ్బాలో పట్టదు కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు అన్ని పాములకూ వర్తించేది చెప్పేస్తాను, అది కొంచెమే. పాములన్నీ మాంసాహారులే. బల్లిజాతుల్లో ఆకులు తినేవి ఉన్నాయి, తాబేళ్ళలో ఉన్నాయి, పాముల్లో మాత్రం ఒక్కటంటే ఒక్క శాకాహారి లేదు. నమలడం వాటికి రాదు, దొరికినదాన్ని చాలావరకు తల వైపు నుంచి మొదలుపెట్టి నిలువునా మింగడమే. కింది దవడ రెండు సగాలూ ముందు వైపు ఎముకతో అతుక్కుని ఉండవు, సాగే కట్టుతో ఉంటాయి, అందుకని ఒకసారి కుడి దవడ, ఒకసారి ఎడమ దవడ జరుపుకుంటూ తిండి మీదుగా తల నడిచి వెళ్ళినట్టు మింగుతుంది (దవడ ఊడొచ్చేస్తుంది అంటుంటారు, ఊడదు). ఇక్కడితో ఉమ్మడి సంగతులు అయిపోయాయి, ఇక ఎవరి దారి వారిది.

చిన్నదాంతో మొదలుపెడతాను. పూలకుండీ మట్టిలో కనబడే గుడ్డిపామును చూసి చాలామంది వానపామే అనుకుంటారు. అది తినేది చీమల గుడ్లు, వాటి పిల్లపురుగులు, చెదలు. దాని ముందు ఎలుకను పెడితే ఎలుకే దాన్ని తినేస్తుంది. ఈ జాతిలో మగవి లేవు, ఆడవే జత లేకుండా గుడ్లు పెట్టేస్తాయి, పైగా తిండేమో ఎక్కడపడితే అక్కడ దొరికే చీమలు, ఇంకేం, కుండీల మట్టితో పాటు ఓడలెక్కి వెళ్ళిన చోటల్లా కాపురం పెట్టేసింది.

గుడ్లు తినే పాము సంగతి మాత్రం కాస్త నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే మా కేంద్రంలో నేను పని మానేసి మరీ నిలబడి చూసేది దాన్నొక్కదాన్నే. ఆఫ్రికాలో ఉండే డాసిపెల్టిస్ జాతి పాము అది, పక్షి గుడ్లు తప్ప ఇంకేమీ ముట్టదు. తల నా చిటికెన వేలంత ఉండేది. గుడ్డు పెట్టగానే గబుక్కున మీద పడదు, చుట్టూ తిరిగి నాలుకతో తడుముతుంది, పాతబడిన గుడ్డయితే అక్కడే వదిలేసి పోతుంది. నచ్చితే మాత్రం గుడ్డును ఒంటి మడతకో గోడకో ఆనించి, పళ్ళంటూ పెద్దగా లేని నోటిని దాని మీదకు మెల్లగా తొడుగుతుంది, నిజంగా తొడగడమే, చిన్న మేజోడును పెద్ద కాలికి ఎక్కించినట్టు. తలకన్నా మూడు నాలుగు రెట్లున్న గుడ్డు మెడలోకి దిగేసరికి పొలుసుల మధ్య చర్మం సాగి తెల్లగా కనబడేది. ఆ తర్వాత అసలు పని. మెడ భాగంలో వెన్నుపూసల నుంచి కిందికి పొడుచుకొచ్చిన ఎముక ముళ్ళుంటాయి, పాము మెడ వంచి బిగించగానే చిన్న చప్పుడు వినబడుతుంది, టప్ అని. లోపలి సొన కడుపులోకి పోతుంది, పెంకేమో ఒక్క చుక్క ఒలకకుండా నలిగి, పొరతో అంటుకుని, చిన్న పొట్లంలా బయటికొచ్చేస్తుంది. ఆ పెంకు పొట్లాలు నేను ఒక డబ్బాలో దాచుకున్నాను కూడా. ఇప్పుడు చెప్పండి, దీని బోను ముందు మీ డబ్బా తగిలిస్తే పాము ఏమైపోవాలి?

నత్తల పాములున్నాయి. జపాన్ దక్షిణ దీవుల్లో ఉండే ఇవాసాకీ అనే నత్తపాముకు కింది దవడలో ఎడమ వైపు సుమారు 18 పళ్ళుంటే కుడి వైపు సుమారు 25 ఉంటాయి. ఎందుకో తెలుసా? నత్తల్లో ఎక్కువ శాతం గుల్లలు కుడిచేతి వాటంగా చుట్టుకుంటాయి, వాటిలోంచి మెత్తటి నత్తను లాక్కోవాలంటే రెండు దవడలూ రెండు రకాలుగా పనిచేయాలి. ఎడమ వాటం గుల్ల ఉన్న నత్త ఎదురైతే పాపం తడబడిపోయి చాలాసార్లు వదిలేస్తుంది. తిండిని బట్టి నోరే వంకరపోయిందంటే ఇక మెనూ ఎంత ముఖ్యమో చూడండి.

పీతలు తినేవి ఉన్నాయి. పాము తిండిని ముక్కలు చేయదని ఇందాక నేనే అన్నాను, దానికీ మినహాయింపు ఇక్కడే ఉంది. మడ అడవుల్లో ఉండే గెరార్డా అనే నీటిపాము అప్పుడే పెంకు విడిచి మెత్తగా ఉన్న పీతను పట్టుకుని, తన ఒంటినే చుట్టలా బిగించి, ఆ చుట్టలోంచి పీతను బలంగా లాగి చీల్చి ముక్కలుగా తింటుంది. 2002లో నేచర్ పత్రికలో ఈ సంగతి వచ్చింది. చేతులు లేవు, కత్తి లేదు, అయినా కోసుకు తినడానికి దారి వెతుక్కుంది. దాని చుట్టం ఒకటి గట్టి పెంకు పీతలనే ఒంటితో బురదలో అదిమిపట్టి లొంగదీసుకుంటుంది. అమెరికాలో క్వీన్ స్నేక్ అనేది క్రేఫిష్‌లనే మంచినీటి రొయ్యల్లాంటి జీవుల మీదే బతుకుతుంది, అదీ పెంకు విడిచిన తాజా సరుకే కావాలి దానికి.

సముద్రపు పాముల్లో చాలావాటికి చేపలే తిండి, ముఖ్యంగా సన్నగా పొడుగ్గా ఉండే ఈల్ చేపలు. కానీ తాబేలు తల సముద్రపు పాము అని ఒకటుంది, అది చేపల జోలికి పోదు, చేపలు పగడపు రాళ్ళకు అంటించిపోయిన గుడ్లను గట్టి పెదవి పొలుసుతో గీరుకుని తింటుంది. గుడ్డు ఎదురు తిరగదు కదా, విషంతో పనేముంది, అందుకని తరాలు గడిచేసరికి దాని విషగ్రంథులు, కోరలు బాగా కుంచించుకుపోయాయి. చుట్టాలంతా భయంకరమైన విషమున్నవాళ్ళు, ఇదొక్కటి గుడ్లు ఏరుకుంటూ కాలక్షేపం చేస్తుంది!

పాములను తినే పాము గురించి మీరు రాయకపోవడం నాకు మరీ ఆశ్చర్యం, ఎందుకంటే మీ పేజీలో అన్నిటికన్నా పెద్ద ఫోటో రాచనాగుదే. దాని శాస్త్రీయ నామం ఓఫియోఫేగస్, అర్థమే "పాములను తినేది" అని. జెర్రిపోతులు, చిన్న కొండచిలువలు, తోటి విషప్పాములు, ఏదైనా సరే, మధ్యలో ఉడుములను కూడా పడుతుంది. ఆ ఫోటో కిందే ఎలుకలు, కప్పలు అని ఉంది. దాని మొహం చూస్తే నాకు కోపంగా ఉన్నట్టే అనిపించింది.

ఇక కప్పలు. అవును, చాలా పాములు కప్పలు తింటాయి, అంతవరకు మీతో గొడవ లేదు, కానీ అందులోనూ తేడాలున్నాయి. గోదురు కప్ప ఒంట్లో విషముంటుంది, చాలా జంతువులు నోట పెట్టుకుని వెంటనే ఉమ్మేస్తాయి. జపాన్‌లోని టైగర్ కీల్‌బ్యాక్ అనే పాము ఆ కప్పలనే వెతికి తిని, వాటి విషాన్ని మెడ మీది గ్రంథుల్లో దాచుకుని తన రక్షణకు వాడుకుంటుంది. ఆ కప్పలు లేని ఒక దీవిలో ఇదే జాతి పాములను 2007లో వచ్చిన పరిశోధనలో పరీక్షిస్తే మెడ గ్రంథుల్లో ఆ విషమే లేదు. అంతేకాదు, కప్పలు తిన్న తల్లి తన విషాన్ని పిల్లలకు కూడా పంచి ఇస్తుంది. తిండే ఆయుధమైన జీవి అది, బోనులో పెట్టి తెల్ల ఎలుకలతో మేపితే పాము బతుకుతుంది, ఆయుధం మాత్రం ఉండదు.

ఒకే పాము కూడా జన్మంతా ఒకే తిండి తినదు. గ్రీన్ ట్రీ పైథాన్ పిల్లప్పుడు బల్లుల మీద బతికి, పెద్దయ్యాక ఎలుకలకు మారుతుంది. బ్రెజిల్ దగ్గర కైమాడా గ్రాండె దీవిలో ఉండే బంగారు రంగు రక్తపింజరి జాతి పాములకు పెద్దయ్యాక ముఖ్యమైన తిండి వలస పక్షులే. ఆస్ట్రేలియా వైపు చాపెల్ దీవిలో టైగర్ స్నేక్‌లకైతే ఏడాదిలో కొద్ది వారాలే పండగ, సముద్రపు పక్షుల పిల్లలు గూళ్ళలో మింగే సైజులో ఉన్నన్ని రోజులు కడుపారా తిని, ఆ కొవ్వుతోనే మిగతా ఏడాదిని చాలావరకు నెట్టుకొస్తాయి.

ఎంత తింటాయి, ఎన్నాళ్ళకోసారి తింటాయి అన్నది కూడా మీ పేజీలో లేదు. బర్మా కొండచిలువ పెద్ద జంతువును మింగాక శరీరం లోపల ఫ్యాక్టరీ మొదలైనట్టే, జీవక్రియ వేగం మామూలు కంటే 40 రెట్ల దాకా పోతుంది, పేగుల బరువు దాదాపు రెట్టింపవుతుంది, రెండు రోజుల్లో గుండె కండరం 40 శాతం పెరిగిందని 2005లో ఒక పరిశోధన వచ్చింది. అరిగాక అంతా మళ్ళీ మామూలే. ఇక తిండి దొరకకపోతే? బాల్ పైథాన్, ర్యాట్ స్నేక్, రాటిల్ స్నేక్‌లను ఆరు నెలల దాకా తిండి లేకుండా ఉంచి చూస్తే జీవక్రియను 72 శాతం వరకు తగ్గించేసుకున్నాయట. మనకు ఒక పూట ఆలస్యమైతే ఇంట్లో అందరి మీదా ఎగురుతాం.

సరే, అడవి సంగతి వదిలి బోను దగ్గరికొస్తాను, ఎందుకంటే మీ డబ్బా చదివి ఎవరైనా పామును పెంచడం మొదలుపెట్టారేమో అన్నదే నా అసలు టెన్షన్. బోనులో నిజంగానే చాలా పాములు ఎలుకలే తింటాయి. దానికి కారణం మన సౌకర్యం. ఎలుకలు త్వరగా పెరుగుతాయి, అన్ని సైజుల్లో దొరుకుతాయి, ఫ్రీజర్‌లో నిలవుంటాయి. అదేమీ చెడ్డ తిండి కూడా కాదు, ఎలుకను నిలువునా మింగితే ఎముకల్లోంచి కాల్షియం, కాలేయంలోంచి విటమిన్ ఎ అన్నీ వచ్చేస్తాయి, పైన మందులు చల్లాల్సిన అవసరం ఉండదు. అదే ఉత్త మాంసం ముక్కలు కోసి పెడితే ఇవేవీ అందవు, చికెన్ ముక్కలతో పామును పెంచేద్దామనుకునేవాళ్ళు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

చచ్చిన ఎలుక పెడితే పాము తింటుందా, అడవిలో బతికున్నవే తింటుంది కదా అని అడుగుతారు. అడవిలో కూడా చచ్చినవి తినే పాములున్నాయి. గువామ్ దీవిలో బయటి నుంచి వచ్చిపడ్డ బ్రౌన్ ట్రీ స్నేక్ అక్కడి అడవి పక్షులను దాదాపు తుడిచిపెట్టేస్తే, దాన్ని అదుపు చేయడానికి చచ్చిన ఎలుక పిల్లల్లో 80 మిల్లీగ్రాముల పారాసెటమాల్ (మనకు జ్వరం మాత్ర, ఆ పాములకు విషం) పెట్టి హెలికాప్టర్ల నుంచి చెట్ల మీదకు వదిలారు. పాములు వాటిని తిన్నాయి కాబట్టే ఆ పథకం పనిచేసింది. బతికున్న ఎలుకను బోనులో వదలడం ఎంత తప్పో నాకు నా నిర్వాకం వల్లే తెలిసింది. కొత్తలో ఒక సాయంత్రం బాల్ పైథాన్ బోనులో పెద్ద ఎలుకను వదిలి, రాత్రికి తినేస్తుందిలే అని ఇంటికెళ్ళిపోయాను. పొద్దున వచ్చి చూస్తే ఎలుక మూలన కూర్చుని తాపీగా మీసాలు దువ్వుకుంటోంది, పాము వీపు మీద మాత్రం ఎముక కనబడేంత గాయం. ఆకలి లేని పాము ఎదురు తిరగదు, ఆకలేసిన ఎలుక ఊరుకోదు. అది మానడానికి నెలలు పట్టింది, ఆ మచ్చ చూసినప్పుడల్లా నాకు తల దించుకోవాలనిపించేది. ఆ తర్వాత ఫ్రీజర్ ఎలుకను వేడినీళ్ళలో పూర్తిగా కరిగించి, ఒంటి వేడి వచ్చాక, పొడుగాటి పటకారుతో అందించడమే.

ఎలుక అంటే ఏమిటో తెలియని పాములతో ఇంకో కథ. మా దగ్గర హాగ్‌నోస్ పిల్ల ఒకటి పుట్టింది, పెన్సిలంత కూడా లేదు. ఈ జాతి అడవిలో కప్పల కోసం ముక్కుతో మట్టి తవ్వుకునే రకం. వెంట్రుకలు రాని ఎలుక పిల్లను పెడితే వాసన చూసి బుస్సుమని వెనక్కి పడిపోయేది. ఒక వారం, రెండు వారాలు, అయిదు వారాలు. నోరు తెరిచి బలవంతంగా పెట్టేద్దామా అని నేను కంగారుపడుతుంటే మా సీనియర్ అన్న నవ్వాడు. "దానికి ఆకలి లేక కాదు తమ్ముడూ, నువ్వు పెట్టింది దానికి తిండిలా కనబడట్లేదు, అంతే." ఒక కప్పను తెచ్చి, దాని తడి వీపు మీద ఎలుక పిల్లను నాలుగుసార్లు రుద్ది, బోనులో పెట్టి దీపం తీసేశాడు. మేం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. నాలుక రెండుసార్లు ఆడింది, మూడోసారి చాలాసేపు ఆడింది, తర్వాత తల కాస్త పక్కకు వంచి పట్టేసింది. నోటుబుక్కులో ఆ రోజు నేను పెద్ద అక్షరాలతో "తిన్నది" అని రాసి కింద రెండు గీతలు గీశాను. రాచనాగులను ఎలుకలకు మళ్ళించేటప్పుడు కూడా ఇదే ఉపాయం, ఎలుకకు పాము వాసన పట్టించడం. చూడటానికి మోసమే, కానీ పాము కడుపు నిండే మోసం.

అలాగని చేపలు తినే పాముకు చేపలే పెడితే గొడవ తీరిపోతుందా అంటే అదీ లేదు. గార్టర్ పాములకు తేలిగ్గా దొరుకుతాయని వారాల తరబడి గోల్డ్‌ఫిష్‌లే వేశాం. గోల్డ్‌ఫిష్ లాంటి కొన్ని చేపల్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది విటమిన్ బి1ను విరగ్గొట్టేస్తుంది, చేపను ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. ఒక పాముకు తల వణకడం మొదలైంది, తిరగేస్తే మళ్ళీ బోర్లా తిరగలేకపోయేది. డాక్టరు గారు వచ్చి బి1 ఇంజెక్షన్ ఇచ్చి, చేపల రకం మార్చమని చెబితే తేరుకుంది. అడవిలో అయితే అది ఒక రోజు చేప, ఒక రోజు కప్ప, ఒక రోజు వానపాము తినేది, ఏ ఒక్కదాని లోపమైనా ఇంకొకటి సర్దేసేది.

లావు సంగతి కూడా చెప్పాలి. నెలకు రెండు మూడుసార్లు తినాల్సిన పెద్ద పాముకు ప్రేమ కొద్దీ వారానికి రెండుసార్లు పెట్టేవాళ్ళను చూశాను. పాము వద్దనదు, అడవిలో మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియని జీవి కదా, ఎదురుగా ఉంటే మింగేస్తుంది. తర్వాత తోక దగ్గర కొవ్వు మడతలు, కాలేయం పాడవడం. ఒంట్లో లావైన చోట ఎంత మందముందో అంత మందమున్న ఎలుక ఒకటి చాలు, తిన్నాక రెండు రోజులు చేత్తో ముట్టుకోకూడదు, వెచ్చదనం తగ్గకూడదు. చలికి అరగకపోతే లోపలే కుళ్ళుతుంది, లేదా కక్కేస్తుంది, ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్ళు హీటర్ చూసుకోవడం జన్మలో మరిచిపోరు.

పాల గురించి ఒక్క ముక్క. అమెరికాలో మిల్క్ స్నేక్ అనే పేరే ఉంది, రాత్రిపూట కొట్టంలోకి వచ్చి ఆవుల పాలు తాగుతుందని పాతకాలంలో నమ్మి పెట్టిన పేరు. అది వచ్చింది గడ్డిలో ఉండే ఎలుకల కోసం. నోటి నిండా వెనక్కి వంగిన సూదుల్లాంటి పళ్ళున్న జీవి పొదుగు పట్టుకుంటే ఆవు నిలబడి ఊరుకుంటుందా, మీరే చెప్పండి. పాముకు కావలసింది మంచినీళ్ళు.

కాబట్టి నా కోరిక చిన్నదే. ఇంకోసారి పాముల పేజీ వేస్తే ఒక్క డబ్బా బదులు ప్రతి ఫోటో కిందా ఆ పాము తినేది ఒక్క లైను రాయండి, రాచనాగు కింద పాములు, గుడ్డిపాము కింద చీమల గుడ్లు, అలా. చోటు చాలదంటే ఫోటోలు కాస్త చిన్నవి చేయండి. గుడ్డు మింగే పాము ఫోటో మీ దగ్గర లేకపోతే నా డబ్బాలోని పెంకు పొట్లాల్లో ఒకటి పంపిస్తాను, దూదిలో చుట్టి పంపాలి, గట్టిగా పట్టుకుంటే పొడైపోతుంది.

ఇట్లు,
మీ పత్రిక పాత పాఠకుడు